మూడో చరణంలో జానమ్మ

"ఏమిర మహిపాల్, గోడలకు పరుపులు కుట్టిచ్చినవ్. గీడ పాటలు పాడుతరా, తలకాయలు కొట్టుకుంటరా?"

కోదాడలో ఎరువుల దుకాణం పైన, నల్లటి స్పాంజి అంటించిన ఆ చిన్న గదిలో అడుగుపెట్టగానే పాస్టర్ సైదయ్య అడిగిన మొదటి మాట అది. ఆయనకు గిటార్ సంచి ఒక భుజాన, తువ్వాల ఇంకో భుజాన. మెట్లెక్కిన ఆయాసం కనపడకుండా నవ్వుతూ గోడను వేలితో పొడిచి చూశాడు.

"గొంతు బయటికి పోకుండ అయ్యగారు," అన్నాడు మహిపాల్.

"బయటికి పోకుంటే ఇంక పాడుడెందుకు?"

మహిపాల్ నవ్వాడు. చిన్నప్పుడు మునగాలలో సైదయ్య పక్కన చాపమీద కూర్చుని గిటార్ పట్టుకోవడం నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఈ స్టూడియోకు యజమాని. మొన్న వాడే ఫోన్ చేశాడు. "నీ పాట ఒక్కటన్న మంచిగ రికార్డ్ చేద్దాం అయ్యగారు, నా స్టూడియోలనే," అన్నాడు. సైదయ్య ఆ మాటకు నేరేడుచర్ల నుంచి హుజూర్‌నగర్ మీదుగా రెండు ఆటోలు మారి వచ్చాడు.

సంచిలోంచి గిటార్ తీశాడు. దానికి ఐదు తీగలే. లావుపాటి తీగను బాగా వదులు చేసి ఉంచుతాడు, మీటితే తంబూరాలాగ రుంయ్‌మని మోగుతూ ఉంటుంది. భుజానికి వేసుకునే పట్టీ భార్య జానమ్మ పాత చీర అంచు. మీటే బిళ్ళ పౌడర్ డబ్బా మూతలోంచి కత్తిరించింది. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా పౌడర్ డబ్బాకు మూత కనపడకపోతే అనుమానం సైదయ్య మీదికే పోతుంది, అది నిజం కూడా.

చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. లోపల టిక్, టిక్, టిక్ అని మోత.

"ఒరే, ఇందుల బల్లి దూరిందిరా."

"తాళం అయ్యగారు అది. దాని ఎంబడి వాయించాలె."

"అది నా ఎంబడి వస్తే రమ్మను. నేను బల్లుల ఎంబడి పోను."

రెండుసార్లు ప్రయత్నించి మహిపాల్ ఆ తాళం తీసేశాడు. "ముందుగాల గిటార్ ఒక్కటి వాయించు. గొంతు తర్వాత పాడుదువు," అన్నాడు అద్దం అవతల కూర్చుంటూ. సైదయ్యకు పాడకుండా వాయించడం రాదు. అందుకని శబ్దం రాకుండా పెదవులు కదుపుతూ వాయించాడు. పల్లవి అయింది, రెండు చరణాలు అయ్యాయి, మూడో చరణం మొదటి వరుస కాగానే చెయ్యి ఆపేశాడు. అద్దం అవతలి నుంచి మహిపాల్ ఏమైందని సైగ చేశాడు. ఆగు అన్నట్టు సైదయ్య ఒక వేలు ఎత్తాడు. కొంచెంసేపు ఎదురుగా ఉన్న స్పాంజి గోడనే చూశాడు. తర్వాత కుడిచెయ్యి గాలిలోకి, కూర్చున్న మనిషి లేచి నిలబడితే తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తుకు పోయి, ఒక్క క్షణం అక్కడ ఆగి, మళ్ళీ తీగల మీదికి వచ్చింది.

మహిపాల్‌కు ఆ ఆగడం సంగతి తెలుసు. సైదయ్య పాట విన్న ఏ ఊరికైనా తెలుసు. ఆయన మూడో చరణానికి కచ్చితమైన మాటలుండవు. ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళో కష్టంలో ఉన్న ఒక మనిషి పేరు పెట్టి పాడతాడు. పేరు వినపడ్డ మనిషి లేచి నిలబడాలి. సైదయ్య గిటార్ ఆపి, ఆ మనిషి దగ్గరికి పోయి, తలమీద చెయ్యి పెట్టి రెండు మాటల ప్రార్థన చేస్తాడు. చెయ్యి పెట్టేదాకా ఆ మనిషి కూర్చోకూడదు. ఈ రివాజు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు, పెట్టిన సైదయ్యకు కూడా గుర్తులేదు. ఆయన దాన్ని అల్లరికీ వాడుకుంటాడు. వాక్యోపదేశం మధ్యలో ఎవరైనా కునుకు తీస్తే "కొమురయ్య ఉన్నడు దేవా, కండ్లు మూతబడ్తున్నయి" అని పాడేస్తాడు. కొమురయ్య ఉలిక్కిపడి లేచి నిలబడతాడు, షామియానా అంతా నవ్వుతుంది. అదే చరణానికి ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

"మరి ఇప్పుడు ఎవ్వరి పేరు పెడ్తవ్ అయ్యగారు?" అని అడిగాడు మహిపాల్, గొంతు రికార్డు చేయబోయే ముందు.

"నీకెందుకుర. నువ్వు బటన్ ఒత్తు."

మొన్న చిక్కుడుకాయలు తుంచుతూ జానమ్మ ఒక మాట అంది. పక్షవాతం వచ్చి పోయినప్పటి నుంచి ఆమె ఎడమచెయ్యి ఒళ్ళో పడుకునే ఉంటుంది. గిన్నెను మోకాళ్ళ మధ్య ఇరికించి కుడిచేత్తోనే తుంచుతుంది. "ఊర్లల్ల అందరి పేర్లు పాడినవ్. చిలుకూరుల ఎవ్వరిదో బర్రె తప్పిపోతే బర్రె పేరు సుత పాడినవ్. నా పేరు ఎన్నడన్న నీ నోట్లెకు వచ్చిందా?"

"ఇంట్ల మనిషివి. నీ సంగతి దేవునికి తెల్వదా?"

"దేవునికి తెలుసు. ఊరికి తెల్వాలె గద."

ఇదివరకైతే ఆయన పక్కన కూర్చుని రెండో వరుస అందుకునేది. ఇప్పుడు ఆటోలెక్కి ఊళ్ళు తిరగలేకపోతోంది. "నువ్వు పోతే ఇంట్ల నాకు గోడలే దిక్కు. నీ పాట ఒకటి ఫోన్ల ఏసిపో," అని కూడా అంది. మహిపాల్ అడగ్గానే సైదయ్య ఒప్పుకోవడం అందుకే.

ఎర్రలైటు వెలిగింది. సైదయ్య కళ్ళు మూసుకున్నాడు.

వస్తివా నా సామి, వాకిట్ల నిలిస్తివా
దీపమన్న ముట్టియ్యని ఇంటికి వస్తివా

ఆయనది తీయని గొంతు కాదు. చెరువు గట్టు మీద ఎవరినో కేకేసే గొంతు. మూడో చరణం దగ్గర మాత్రం పక్కింటివాళ్ళకు వినపడకూడదన్నట్టు తగ్గింది.

జానమ్మ ఉన్నది దేవా, జర ఇటు సూస్తవా
ఎడమ చెయ్యి లెవ్వదంట, ఏలువట్టుకుంటవా

"సూపర్ అయ్యగారు," అన్నాడు మహిపాల్. "శుక్రవారం వరకు నీ ఫోన్ల పడ్తది."

ఇంటికి వచ్చి సైదయ్య భార్యతో చెప్పాడు. "పాట వస్తది. మూడో చరణం దాక నోరు తెరువకు. అందుల ఒక తమాషా ఉంది."

"నీ తమాషాలు నాకు కొత్తనా? పెండ్లినాడు నా చెప్పులు దాచి, పోయినయని పాట గట్టినోనివి."

"గంతకంటె పెద్ద తమాషా."

ఆ నాలుగు రోజులూ ఆయన ఫోన్‌ను జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని తిరిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. మహిపాల్ పంపిన లింకు. దాన్ని ఎలా తెరవాలో తెలియక సైదయ్య పక్కింటి దేవికను పిలిచాడు. దేవిక అంగన్‌వాడీ టీచరు, పిల్లలకు పాటలు వినిపించే డబ్బా స్పీకరు ఆమె దగ్గర ఉంది. దాన్ని తెచ్చి అరుగు మీద పెట్టింది. జానమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, మోకాళ్ళ మధ్య చిక్కుడుకాయల గిన్నె.

రుంయ్‌మని లావు తీగ మోగింది. జానమ్మ ముఖం విచ్చుకుంది.

"నీదే," అంది.

సైదయ్య మాట్లాడవద్దన్నట్టు పెదవులమీద వేలు పెట్టాడు. ఆయన గిటార్ ఇంత బాగుంటుందని ఆయనకే తెలియదు. పక్కన ఇంకేవో చప్పుళ్ళు చేరాయి, అవీ బాగానే ఉన్నాయి. తర్వాత పల్లవి వచ్చింది.

అది సైదయ్య గొంతు కాదు.

పడుచు గొంతు. పాలమీగడ లాంటిది, ఎక్కడా గరుకు లేదు. ఫోన్ తెరమీద తెల్లబట్టల మనిషి ఒకడు వరిచేను గట్టున చేతులు చాచి నడుస్తున్నాడు. సూర్యాపేటలో పెద్ద ప్రార్థనా మందిరం నడిపే బ్రదర్ సంజీవ్. ఆయన ముఖం ఈ చుట్టుపక్కల ప్రతి కరెంటు స్తంభం మీదా ఉంటుంది, గుర్తుపట్టకపోవడానికి లేదు. సైదయ్య ముందు లింకు తప్పు పంపాడనుకున్నాడు. కాని గిటార్ తనది. మాటలు తనవి. "వాకిట్ల" అన్నచోట సాగదీసిన తీరూ తనదే.

"బంద్ చెయ్యి బిడ్డా," అన్నాడు దేవికతో.

"ఉండనియ్యి," అంది జానమ్మ. "మూడో చరణం దాక వినమన్నవ్ గద."

మూడో చరణం వచ్చింది.

జానమ్మ ఉన్నది దేవా, జర ఇటు సూస్తవా

గిటార్ ఆగింది. సైదయ్య గోడను చూస్తూ ఆగిన ఆ ఖాళీలో ఎవరో వేణువు ఊదారు. ఎడమ చెయ్యి సంగతి కూడా ఆ పాలమీగడ గొంతే చెప్పింది, అందంగా, కొంచెం వణికించి. జానమ్మ చేతిలో చిక్కుడుకాయ సగం తుంచినది సగంలోనే ఉండిపోయింది. ఆమె ఒళ్ళో ఉన్న ఎడమచేతిని చూసుకుంది. కొంగు తీసి దానిమీద కప్పింది.

"ఆ పిలగానికి నా చెయ్యి సంగతి ఎట్ల తెల్సు?" అని అడిగింది.

సైదయ్య ఫోన్ తెరను అరచేత్తో మూశాడు.

"ఇదేనా తమాషా?"

సైదయ్య కింద రాలిన చిక్కుడు ఈనెలు ఏరసాగాడు.

"మంచిగనే పాడిండు," అంది జానమ్మ, మిగతా సగం చిక్కుడుకాయ తుంచుతూ.

దేవిక పకపకా నవ్వింది. "తాతా, భలేటోనివి. గొంతు మార్చే ఆప్ దొరికిందా? ఆ బొమ్మ ఎట్ల పెట్టినవ్?"

"నా గొంతు తీసేసిండ్రు బిడ్డా."

"అబ్బో. ముఖం సూడు, నిజమే అన్నట్టు పెట్టిండు."

సాయంత్రానికి మునగాల నుంచి కొమురయ్య ఫోన్. పాట వాళ్ళ ఊరికి కూడా చేరిపోయింది. "అయ్యగారు, నీ పాట పెద్దోళ్ళు పాడ్తున్నరు. మామూలోనివి గాదు."

"నాతోని పాడిచ్చుకొని వేరేటోని గొంతు పెట్టిండ్రురా కొమురయ్యా. మన మహిపాలే."

అవతల చాలాసేపు నవ్వు. "ఇగ ఆపు అయ్యగారు. పోయినేడు గిట్లనే గిటార్ పోయిందని ఊరందరితోని ఎతికిచ్చి, నా గడ్డివాములకెల్లే తీసినవ్. మల్ల నేను దొరుకుతనా?"

ఫోన్ పెట్టేసి సైదయ్య అరుగుమీద కూర్చున్నాడు. బతుకంతా అందరినీ ఆటపట్టించినందుకు ఇవాళ ఆయన ఏడుపు కూడా ఆటలాగే కనపడుతోంది. లోపల నుంచి జానమ్మ అన్నానికి పిలిచింది. రెండోసారి పిలిస్తేగాని లేవలేదు.

మరునాడు మహిపాల్ ఫోన్ ఎత్తలేదు. స్టూడియోలో ఎవరో ఎత్తి, ఆదివారం మిర్యాలగూడలో సభ ఉందని, ప్రాక్టీసు కోసం సూర్యాపేట పోయాడని చెప్పారు. సైదయ్య గరిడేపల్లి మీదుగా బస్సు పట్టుకున్నాడు. దారంతా మహిపాల్‌ను ఏమనాలో మాటలు పేర్చుకున్నాడు. కొన్ని బోధకుడి నోట రాదగినవి కావు. వాటిని కూడా తీసెయ్యలేదు.

మందిరం ఏసీ హాలు. వేదికమీద మైకుల వైర్లు పాముల్లా పడి ఉన్నాయి. మహిపాల్ మెరిసే నల్ల గిటార్ మీద వంగి శ్రుతి చేసుకుంటున్నాడు. సైదయ్యను చూసి వాడి చెయ్యి తీగమీద ఉండిపోయింది. వాడు నోరు తెరిచేలోపల పక్కనుంచి సంజీవ్ గబగబా వచ్చి సైదయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వందనాలు అయ్యగారు. మీరే కదా సైదయ్యగారు. మీ ట్రాక్ వినే నేర్చుకున్నాను. ఎంత చక్కగా చూపించారండీ."

ఆయన మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, సైదయ్యకు దాంతో పోట్లాడటం వచ్చు.

"ట్రాక్ అంటే ఏందయ్యా?"

"అదేనండీ, అసలు పాడేవాళ్ళకు దారి తెలియడానికి ముందు ఒకరు పాడి ఇస్తారు కదా. మహిపాల్ చెప్పాడు, మీరే ఎంతో ఇష్టంగా పాడిచ్చారని." సంజీవ్ మహిపాల్ వైపు చూసి నవ్వాడు. మహిపాల్ కింద పడి ఉన్న వైరును చుట్టడం మొదలుపెట్టాడు. ఎవరో పిలవడంతో సంజీవ్ మళ్ళీ ఒకసారి వందనాలు చెప్పి వెళ్ళిపోయాడు.

సైదయ్య వేదిక అంచున కూర్చున్నాడు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు చెప్పలేదు గదరా."

"చెప్తే వస్తుంటివా?" మహిపాల్ తల ఎత్తలేదు. "అయ్యగారు, నీ పాట నువ్వు పాడితె నాలుగు ఊర్లు ఇంటయి. సంజీవన్న పాడితె రాష్ట్రమంత ఇంటది. గిటార్ నీదే ఉంచిన. అన్న వేరేటోనితోని వాయిపిద్దామన్నడు, నేనే కొట్లాడి ఉంచిన."

"మంచిపని జేసినవ్."

"పాట మనది గాదు, దేవునిది అని చెప్పింది నువ్వే. నేను చిన్నగున్నప్పటి సంది ఇన్న."

"చెప్పిన. మల్ల చెప్త. పాట దేవునిదేరా." సైదయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "జానమ్మ నాది."

మహిపాల్ వైరును చుట్టడం ఆపాడు.

"ఆ పేరన్న తీసేయకపోతివా?"

"పేరుంటెనే పల్లె వాసన ఉంటది అన్నడు అన్న."

హాలు అవతలి చివర ఎవరో మైకులో ఒకటి, రెండు అంటూ పరీక్షిస్తున్నారు. అది ఆగేదాకా సైదయ్య ఆగాడు.

"నా గొంతు యాడుంది? నాకోసం గాదు, ఇంట్ల ఆమె వింటనన్నది. గది ఒక్కటి ఫోన్ల ఏసియ్యి. నేను పోత."

మహిపాల్ చుట్టిన వైరును పక్కన పెట్టి మళ్ళీ గిటార్ అందుకున్నాడు. "లేదు అయ్యగారు. అసలు గొంతు ఎక్కినంక ట్రాక్ తీసేస్తం. ఎప్పుడు గంతే. పండుగలు అయినంక రా, మల్ల పాడుదువు."

వాడి వేళ్ళ మధ్య ఏదో మెరిసింది. సైదయ్య చూపు అక్కడే నిలిచింది. అంత ఖరీదైన గిటార్‌ను కూడా మహిపాల్ పౌడర్ డబ్బా మూత బిళ్ళతోనే మీటుతున్నాడు. అంచులు అరిగిపోయిన ఆ బిళ్ళ సైదయ్య కత్తిరించి ఇచ్చిందే.

సైదయ్య లేచి చెయ్యి చాచాడు. వీడ్కోలుకు చేయి కలుపుతున్నాడనుకుని మహిపాల్ తన చెయ్యి ఇచ్చాడు. సైదయ్య ఆ చేతిలోంచి బిళ్ళ తీసుకుని, జేబులో వేసుకుని, హాలు దాటి పోయాడు.

ఆదివారం పొద్దున్నే జానమ్మ పెట్టెలోంచి మంచి చీర తీయించుకుంది.

"ఎటు?"

"మిర్యాలగూడ సభకు. ఊరందరి ముందట నా పేరు పిలుస్తుంటె ఇంట్ల కూసుంటనా?"

సైదయ్యకు ఇది నిన్నటికంటే గట్టిగా తగిలింది. తన ఇంట్లో మనిషి, పిలిచింది ఎవరైనా సరే, లేచి నిలబడటానికి పోతానంటోంది. "పో," అన్నాడు.

"ఒక్కదాన్ని ఎట్ల పోత? నువ్వు రావాలె. గిటార్ సుత తే."

"నన్నెవరు పిలిచిండ్రని గిటార్?"

"ఎండ కొడ్తె తలమీద పెట్టుకుందాం."

చేతికర్ర ఒక పక్క, సైదయ్య భుజం ఒక పక్క పట్టుకుని ఆమె షేర్ ఆటో ఎక్కింది. ఆటోవాలా పెట్టిన పాటల్లో ఈ పాట కూడా ఉంది. అది వచ్చినంతసేపూ సైదయ్య బయట రైస్ మిల్లుల గొట్టాలు లెక్కపెడుతున్నట్టు ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాడు.

రైస్ మిల్లు పక్క మైదానంలో షామియానాలు వేశారు. ఎండ ఇంకా వాలలేదు. ఎక్కడ చూసినా సైదయ్యకు తెలిసిన ముఖాలే. మునగాల, చిలుకూరు, నేరేడుచర్ల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లు కట్టుకుని వచ్చారు. కొందరు దూరం నుంచే చేతులు జోడించారు. ఆయన జానమ్మను వెనక వరుసలో కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన గిటార్ సంచితో కూర్చున్నాడు.

సంజీవ్ వేదిక ఎక్కాడు. వెనక మహిపాల్. రుంయ్‌మని స్పీకరు పెట్టెల్లోంచి సైదయ్య తీగ మోగింది, రికార్డులోంచి. జనం చప్పట్లు కొట్టారు. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం. మూడోది.

జానమ్మ ఉన్నది దేవా, జర ఇటు సూస్తవా

వేణువు మొదలైంది. ముందు వరుసల్లో ఒక ముసలామె మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. కొంచెం అవతల ఇంకొకామె. ఎడమ పక్క స్తంభం దగ్గర మరొకామె, చంటిపిల్లను పక్కామెకు ఇచ్చి లేచింది. ఈ ఊళ్ళల్లో జానమ్మలకు కొదవలేదు. పేరు వినపడింది, లేచారు. అంతే, వాళ్ళకు అందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

సైదయ్య పక్కకు చూశాడు. తన జానమ్మ కూర్చునే ఉంది. కర్ర మోకాళ్ళ మధ్య, కుడిచెయ్యి కర్రమీద, చూపు వేదికమీద. లేచే ప్రయత్నమే లేదు.

వేణువు అయిపోయింది. పాట ముందుకు పోయింది. నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు.

"కూసోండ్రమ్మా, ఎనకాలోళ్ళకు కనపడ్తలేదు," అన్నాడు బ్యాడ్జి పెట్టుకున్న ఒకతను.

"చెయ్యి పెట్టంది ఎట్ల కూసుంటం నాయనా?" అంది మోకాలు ముసలామె.

అతనికి ఆ మాట అర్థం కాలేదు. సంజీవ్ వేదికమీద నుంచి వాళ్ళను చూశాడు. ముఖం వెలిగిపోయింది. "తల్లులు కదిలిపోతున్నారు, దేవునికి స్తోత్రం," అని పాట మధ్యలోనే అని, మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాడు. మహిపాల్‌కు మాత్రం తెలుసు. వాడి చెయ్యి తీగల మీద ఆగిపోయింది, రికార్డులో గిటార్ మాత్రం మోగుతూనే ఉంది. వాడి చూపు జనంలో ఎవరినో వెతికి, సైదయ్య దాకా వచ్చి, కిందికి దిగిపోయింది. వాడు మళ్ళీ వాయించాడు.

నిలబడనీ, అనుకున్నాడు సైదయ్య మొదట. పిలిచినోడే వచ్చి చెయ్యి పెడతాడేమో చూద్దాం. ఆ ఆలోచన ఆయనకు కొంచెం తియ్యగానే ఉంది. కాని ముసలామె మోకాలు గడగడ వణకడం వెనక వరుస దాకా కనపడుతోంది. పాట ఎంతకూ అయిపోవడం లేదు. ఆయన గిటార్ సంచి జానమ్మ ఒడిలో పెట్టి లేచాడు.

ముసలామె తలమీద చెయ్యి పెట్టగానే ఆమె ముడతల మధ్య నుంచి నవ్వింది. "నువ్వు గీడనే ఉన్నవా అయ్యగారు? నాది చెయ్యి గాదు, మోకాలు. అయిన పేరు పిలిస్తిరని లేసిన."

"మోకాలు సుత దేవునికి తెలుసవ్వ."

"మరి నువ్వుండంగ ఆ పిలగాడు పాడవట్టె?" ఆమె ఆయన ముఖంలోకి చూసి, అర్థమైందన్నట్టు వేలు ఆడించింది. "ఓహో. ముందట వాన్ని పెట్టి నువ్వు ఎనక దాసుకున్నవ్. నీ తమాషాలు నీకే ఎరుక."

సైదయ్య నోటిదాకా వచ్చినదాన్ని మింగాడు. "అవునవ్వ. తమాషనే," అన్నాడు.

స్తంభం దగ్గర నిలబడ్డామె ముఖం ఆయనకు తెలుసు. "నువ్వు చిలుకూరు సైదమ్మవు గద?"

"బాప్తిస్మం పేరు జానమ్మ అయ్యగారు. నువ్వే పెట్టినవ్. ఎన్నడు పిలువకపోతివి, ఇయ్యాల పిలిస్తివని లేసిన."

ఒక్కొక్కరి దగ్గరికీ పోయాడు, ఒక్కొక్కరి తలమీదా చెయ్యి పెట్టాడు. పెట్టినవాళ్ళు పెట్టినట్టు కూర్చున్నారు. వేదికమీద పాట అయిపోయి, చప్పట్లు మోగి, ఇంకో పాట మొదలైంది. ఆ చప్పట్లలో ఆయన కోసం కొట్టినవి ఏవీ లేవు. తిరిగి వెనక వరుసకు వచ్చేసరికి జానమ్మ గిటార్ సంచిని కుడిచేత్తో పొదివి పట్టుకుని ఉంది.

"పోదాం పా," అంది.

రోడ్డుమీద ఆటోల దగ్గర మిల్లు గోడ నీడలో ఒక సిమెంటు దిమ్మె ఉంది. ఆమెను దానిమీద కూర్చోబెట్టాడు. లారీ ఒకటి ఊక దుమ్ము లేపుతూ పోయింది.

"అందరికి చెయ్యి పెట్టినవ్," అంది జానమ్మ, కొంగుతో దుమ్ము దులుపుకుంటూ. "నాకెప్పుడు?"

"నువ్వు లెవ్వలే గద."

"నువ్వు పిలువలే గద."

సైదయ్య ఆమె వైపు తిరిగాడు.

"ఆ పిలగాడు ఏ జానమ్మనో పిలిచిండు," అందామె. "నన్నెందుకు పిలుస్తడు? నేనెవ్వరో వానికి తెల్సా? నేను లేస్తననే గద పొద్దట్నుంచి మూతి ముడుసుకున్నవ్."

"మరి ఎందుకొచ్చినవ్ ఇంతదూరం?"

"లెవ్వకుండ కూసుండనీకె. ఇంట్ల కూసుంటె నీకు తెలుస్తదా?"

సైదయ్య నవ్వాడు. అది అంతగా నవ్వులాగ లేదు. సంచి విప్పి గిటార్ తీశాడు. చీర అంచు పట్టీ మెడలో వేసుకుని, జేబులో చేయి పెట్టాడు. చేతికి వచ్చింది మహిపాల్ దగ్గర తీసుకున్న బిళ్ళ. ఒక క్షణం దాన్ని చూశాడు. అంచులు అరిగి చేతికి బాగా కుదిరింది. దానితోనే లావు తీగ మీటాడు. మైదానంలోని పెట్టెల మోత దాన్ని మింగేసింది, చెవి దగ్గర ఉన్నవాళ్ళకు తప్ప.

"వస్తివా నా సామి..."

"అది ఆ పిలగాడు పాడిండు," అంది జానమ్మ. "మొదటి రెండు చరణాలు సుత పాడిండు. మూడోది నువ్వే పాడాలె, పాడు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. రెండు రోజులుగా పాడని గొంతు, గరగరలాడింది.

జానమ్మ ఉన్నది దేవా...

అక్కడే విరిగింది. మళ్ళీ అందుకోలేదు. చెయ్యి తీగలమీద పెట్టి మోత ఆపేశాడు.

"నేరేడుచర్ల, నేరేడుచర్ల, ఇద్దరైతె పోదాం," అని ఆటోవాలా కేకేశాడు. జానమ్మ కర్ర నేలకు ఆనించింది. కుడిచేత్తో దానిమీద బరువు వేసి, ఒకసారి లేవబోయి కూర్చుండిపోయి, సైదయ్య పట్టుకోబోతే వద్దని తల అడ్డంగా ఊపి, మళ్ళీ ప్రయత్నించి లేచింది. చీర కుచ్చిళ్ళ మీద ఊక దుమ్ము. ఎడమచెయ్యి పక్కన వేలాడుతోంది. నిటారుగా నిలబడింది.

సైదయ్య ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఆటోవాలాకు వినపడలేదు.

"ఇగ కూసో," అన్నాడు.

"ఉండు," అంది జానమ్మ. "ఇన్నేండ్లకు పిలిచినవ్. జరంతసేపు నిలవడనియ్యి."